పరిశీలనలో ఉంది

చీపురు చప్పుడు పక్కింటికి వినపడాలి. పెళ్ళయిన మర్నాడు అత్తగారు ముకర్రమ్ చెప్పిన మొదటి మాట అదే. తెల్లవారకముందే లేచి, వాకిట్లో నీళ్ళు చల్లి, ద్రాక్షపందిరి కింద మొదలుపెట్టి వీధి గుమ్మం అవతల నలుగురూ నడిచే దారిదాకా ఊడవాలి. ఆ చప్పుడు విని నాలుగిళ్ళవాళ్ళు ఈ ఇంటి కోడలు లేచిందని అనుకోవాలి. చప్పుడు కాకుండా ఊడిస్తే ఎంత శుభ్రంగా ఊడ్చినా ఊడ్చినట్టు కాదు. కోకంద్‌లో కోడళ్ళందరూ ఊడుస్తారు కాబట్టి హిలోలాకి ప్రత్యేకంగా జరిగిన అన్యాయమేమీ లేదు. ఆ మాట ఆమె కన్నతల్లి కూడా చెప్పి పంపింది. పదమూడేళ్ళుగా ఊడుస్తూనే ఉంది. ఈ ఆగస్టులో మాత్రం చీపురు సాగడం లేదు. నాలుగుసార్లు చీపురు ఆడించి ఆగుతోంది, జేబులోంచి ఫోను తీస్తోంది, చూస్తోంది, మళ్ళీ జేబులో పెట్టుకుంటోంది. చప్పుడు ఆగగానే లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వస్తోంది.

"ఏం కోడలా, చీపురు నిద్రపోయిందా?"

ఫోనులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. పదకొండు రోజులుగా అదే వాక్యం. రాత్రి పడుకునేముందు ఉన్నది తెల్లవారేసరికి మారదు. ఆఫీసులు తొమ్మిదింటికి గాని తెరవరని ఆమెకి తెలుసు. తెలిసినా చూస్తోంది. వేళ్ళు వాటంతట అవే జేబులోకి పోతున్నాయి.

సంగతేమిటంటే, హిలోలా ఊళ్ళో ఒక కిండర్‌గార్టెన్‌లో పని చేస్తుంది. ఎనిమిదేళ్ళ కింద పిల్లల మూతులు తుడిచే ఆయాగా చేరింది. డిగ్రీ ఉంటే గాని టీచరు కాలేవని పై అధికారి చెబితే, ముప్ఫయి రెండో ఏట ఊళ్ళోని టీచర్ల కాలేజీలో చేరింది. పని మానక్కర్లేని చదువు, ఏడాదికి రెండుసార్లు నెలేసి రోజులు క్లాసులకి వెళ్ళి కూర్చోవాలి. రెండేళ్ళు పూర్తయ్యాయి. జీతం చేతికి రాకముందే అందులోంచి ఆదాయపు పన్ను కోత పడుతుంది గదా, సొంత చదువుకి కట్టుకున్న డబ్బు మీద మాత్రం ఆ పన్ను లేదట. ఫీజు కట్టినట్టు కాగితాలు చూపించి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే, కోసిన పన్ను వెనక్కి ఇస్తారట. ఈ సంగతి కిండర్‌గార్టెన్‌లో లెక్కలు చూసే మవ్లూదా చెప్పేదాకా హిలోలాకి తెలియదు. టీ తాగుతూ యథాలాపంగా చెప్పింది మవ్లూదా, హిలోలా చేతిలో టీ ఒలికిపోయింది. ఆ మధ్యాహ్నమే పిల్లలు పడుకున్న వేళ ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని, కాలేజీ ఒప్పందం, ఫీజు రసీదులు ఒక్కొక్కటే ఎక్కించారు. రెండేళ్ళకి కలిపి, ఈ దేశపు డబ్బు సోముల్లో, ఇరవై లక్షలు రావాలి. వినడానికి ఘనంగానే ఉంటుంది గాని ఆ డబ్బుకి కోకంద్ సంతలో బక్క గొర్రె కూడా రాదు. అయితే మూడో ఏడాది ఫీజులో మొదటి వాయిదా సరిగ్గా అంతే. అక్టోబరు ఒకటిలోపల అది కట్టకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు.

పేరు తీసేస్తే తీసేయనీ అన్నది ఇంట్లో అందరి అభిప్రాయం. జులైలో ఒకరోజు ఆమె భర్త అబ్రోర్ ఖర్బూజా తింటూ, గింజలు పళ్ళెంలోకి ఊస్తూ, ఆ సంగతి తేల్చేశాడు. "ఈ ఏడాదికి చదువు ఆపెయ్. నవంబర్లో తమ్ముడి పెళ్ళి. వచ్చే ఏడు చూద్దాం." పెరట్లో కొళాయి ఆపెయ్యమన్నట్టే ఉంది ఆ గొంతు. కోపం లేదు, విసుగు లేదు. అబ్రోర్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యి ఎత్తడు, బజారులో పాత కార్ల సామాన్లు అమ్మి సాయంత్రం ఆరింటికల్లా ఇంటికొస్తాడు. వీధిలో ఆడవాళ్ళు నువ్వు అదృష్టవంతురాలివమ్మా అంటూ ఉంటారు. హిలోలా తల ఊపుతుంది. కొట్టని మొగుడు దొరకడమే అదృష్టమయితే కొట్టే మొగుళ్ళని ఏమనాలో ఆమెకి ఎప్పుడూ అర్థం కాలేదు. వచ్చే ఏడు అనే మాట కూడా అర్థం కాలేదు. వచ్చే ఏడు ఆడపడుచుకి పురుడు వస్తుంది, ఆ పైన ఇంటికి కప్పు వేయించాలి, ఆ పైన అత్తగారి మోకాళ్ళు. ఈ ఇంట్లో వచ్చే ఏడులన్నీ ముందే ఎవరికో ఒకరికి రాసిపెట్టి ఉన్నాయి.

ఆమె జీతం పడే బ్యాంకు కార్డు అత్తగారి పెట్టెలో, నగల పక్కన ఉంటుంది. నిజానికి కార్డు ఎక్కడున్నా ఒకటే, దానికి జతచేసిన ఫోను నంబరు అబ్రోర్‌ది. జీతం పడగానే కబురు అతని ఫోనుకి వెళ్తుంది. కిండర్‌గార్టెన్ నుంచి ఆమె ఇంటికి నడిచొచ్చి చెప్పులు విప్పేలోపలే డబ్బంతా అతని కార్డులోకి మారిపోయి ఉంటుంది. ఇందులో దాపరికం లేదు, దౌర్జన్యం లేదు, పెళ్ళయిన కొత్తలో ఎవరో అలా ఏర్పాటు చేశారు, అలాగే ఉండిపోయింది. కావలసినప్పుడు అడిగి తీసుకోవాలి. అడిగితే ఎప్పుడు కాదన్నానంటాడు అబ్రోర్, అదీ నిజమే. కాదనడు. దేనికి అని మాత్రం అడుగుతాడు. బస్సుకి అంటే ఇస్తాడు. పెన్నుకి అంటే నవ్వి ఇస్తాడు. నెలనెలా ఆడవాళ్ళకి కావలసిన వాటికి అంటే, పక్కన మరిది ఉన్నా సరే, దేనికి అనే అడుగుతాడు. ఆమె నేల చూపులు చూస్తుంది, అప్పుడు గుర్తొచ్చి ఓహో అంటాడు. పదమూడేళ్ళలో ఆ ఓహో ఎన్నిసార్లు విన్నదో లెక్కపెడితే ఆమెకే నవ్వొస్తుంది.

అందుకే ఈ ఇరవై లక్షలు ఆ కార్డులో పడకూడదనుకుంది. మవ్లూదా వెంట వెళ్ళి వీధి చివరి బ్యాంకులో మరో కార్డు తీసుకుంది. దాన్ని ఇంటికి తేలేదు. కిండర్‌గార్టెన్‌లో పిల్లల బట్టలు పెట్టుకునే చిన్న అరలకి చదువురాని పిల్లలు గుర్తుపట్టేలా ఒక్కోదానికి ఒక్కో బొమ్మ అంటించి ఉంటుంది. ఈ ఏడు ఎవరికీ ఇవ్వని బాతు బొమ్మ అరలో కార్డు దాచుకుంది. ముప్ఫయి నాలుగేళ్ళ మనిషికి ఈ లోకంలో సొంతంగా దొరికిన చోటు ఒక జానెడు అర, దానిమీద బాతు.

ఆగస్టు చివరికి టొమాటోలు వచ్చాయి. చలికాలానికి డెబ్భై సీసాలు ఊరబెట్టాలి. సీసాలు కడిగి, ఆవిరి పట్టించి, నీళ్ళు మరిగించి, మూతలు బిగించి, తలకిందులుగా పెట్టి దుప్పటి కప్పాలి. పొద్దున ఊడవడం, తరవాత పని, ఇంటికొచ్చి సీసాలు, సీసాల మధ్య భోజనాలు, భోజనాల మధ్య పెళ్ళికి కుట్టవలసిన పరుపులు. కొత్త కోడలి గదిలో నిలువెత్తు పేర్చి చుట్టాలకి చూపించడానికి నలభై పరుపులు కావాలన్నారు. ఆ కొత్త కోడలు ఎవరో, పాపం, ఆమె కూడా వచ్చి చీపురు పట్టుకుంటుంది. పొయ్యి దగ్గర ఉన్నంతసేపూ హిలోలా చెవి ఫోను మీదే ఉంది. ఇరవయ్యో రోజున చెయ్యి తుడుచుకుని చూసింది, పరిశీలనలో ఉంది. ఏముంది అంత పరిశీలించడానికి? కట్టిన ఫీజు కనపడుతోంది, చదివిన మనిషి కనపడుతోంది. ఇంతకన్నా త్వరగా నేను సంబంధం చూసి పెళ్ళి చేసేస్తాను మన కిండర్‌గార్టెన్ పిల్లలకి, అని ఆ ఉదయమే మవ్లూదా అంది. ఆ ధ్యాసలో హిలోలా పన్నెండు సీసాలకి ఉప్పు రెండేసిసార్లు వేసింది. మర్నాడు ముకర్రమ్ వేలితో రసం నాకి మొహం చిట్లించింది.

"మనసెక్కడ పెట్టావే నువ్వు?"

తిట్టే అయినా హిలోలా ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఆమె మనసు ఎక్కడుందని ఆ ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదలు. చెప్పాలని కూడా అనిపించింది. నా మనసు కాలేజీలో రెండో అంతస్తులో, కిటికీ పక్క మూడో బెంచీలో ఉంది అత్తయ్యా. అక్కడ నన్ను హిలోలా అని పిలుస్తారు. ఇంట్లో మీరు కోడలా అంటారు, మీ అబ్బాయి మన ఊరి మగవాళ్ళందరిలాగే పెళ్ళాం పేరు నోట పలకకుండా కూతురి పేరుతో పిలుస్తారు. నిగినా అని కేకేస్తే నేనూ వెళ్తాను, పదేళ్ళ నిగినా కూడా వస్తుంది, అప్పుడు ఎవరు కావాలో చూసి రెండోవాళ్ళని పొమ్మంటారు. కాలేజీలో నేను కూర్చుంటే ఎవరో నిలబడి నాకు వివరిస్తారు. టీ పొయ్యమని ఎవరూ అనరు. పోయినేడు ఒక పిల్లాడు తోటిపిల్లలని కరుస్తున్నాడని అందరూ తిట్టిపోస్తే, మాటలు రాని పిల్లలు ఎందుకు కరుస్తారో క్లాసులో చెప్పింది గుర్తుపెట్టుకుని వాడితో పది రోజులు అలాగే నడుచుకున్నాను. కరవడం మానేశాడు. ఆరోజు ఎంత సంతోషమేసిందో ఇంటికొచ్చి చెప్పుకోవాలనుకున్నాను, మీరు చుట్టాలొస్తున్నారు పిండి కలుపు అన్నారు. ఇవన్నీ చెప్పలేదు. తప్పయిపోయింది అత్తయ్యా అని పన్నెండు సీసాలూ విప్పి మళ్ళీ చేసింది.

ఇరవై ఆరో రోజు, సెప్టెంబరు రెండో వారంలో, పిల్లలు పడుకుని ఉండగా ఫోను మోగింది. కొత్త నంబరు. హిలోలా గబగబా బయటి వరండాలోకి వచ్చింది. పన్ను ఆఫీసు నుంచి ఒకామె, మర్యాదగా, పేరంతా పూర్తిగా చదివి మీరేనా అని అడిగింది. నేనే అంది హిలోలా.

"అమ్మా, రసీదుల్లో ఫీజు కట్టిన కార్డు అబ్రోర్ గారి పేరు మీద ఉంది. మీవారా?"

"అవునండీ."

"అంటే ఫీజు ఆయన కట్టారు. భార్య చదువుకి భర్త కట్టినా పన్ను వెనక్కి వస్తుంది, కాకపోతే ఆయన పన్నులోంచి రావాలి. ఆయన ఎక్కడ పనిచేస్తారు?"

"బజార్లోనండీ."

"జీతం మీద పన్ను కడుతున్నారా?"

బజార్లోనండీ అని మళ్ళీ అదే అంది హిలోలా. అబ్రోర్ ఏ కాగితం మీదా లేడు. బజారులో సగం మంది అంతే. అవతలి ఆమెకి కూడా ఆ జవాబు కొత్తది కానట్టుంది, మెల్లిగా చెప్పింది. ఆయన పన్ను కట్టలేదు కాబట్టి ఆయనకి వెనక్కి ఇచ్చేదేమీ లేదు. మీరు పన్ను కట్టారు గాని కాగితాల ప్రకారం ఫీజు కట్టింది మీరు కాదు.

"కానీ అది నా జీతమేనండీ. నా కార్డులోంచి ఆయన కార్డులోకి వెళ్ళి, అక్కణ్ణుంచి..."

"అయి ఉండొచ్చమ్మా. మాకు చివరి కార్డే కనపడుతుంది."

సాయంత్రానికి ఫోనులో వాక్యం మారింది. ఇరవై ఆరు రోజులు కళ్ళు కాయలు కాసేలా చూసిన వాక్యం మారింది, ఆ చోట తిరస్కరించడమైనది అని వచ్చింది. హిలోలా పాత రసీదులు తెరిచి చూసుకుంది. కాలేజీ పేరు ఉంది, చదువుతున్న మనిషి దగ్గర తన పేరు ఉంది, కట్టిన డబ్బు లెక్క సరిగ్గా ఉంది. ఆ మూడూ చూసుకుని తృప్తిపడింది గాని, అడుగున సన్నటి అక్షరాల్లో కట్టినవారు అన్న చోట భర్త పేరుందని రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. తన ఇంట్లో తన డబ్బు ఏ దారిన నడుస్తుందో తనకి తెలుసు కాబట్టి అది కాగితం మీద కూడా తనదే అనుకుంది. ఈ ఊళ్ళో ఏ కోడలైనా అలాగే అనుకుంటుంది.

ఎవరిమీద కోప్పడాలో తెలియక ఇంటికి బస్సెక్కకుండా నడిచింది. పన్ను ఆఫీసామె ఉన్నమాటే చెప్పింది. అబ్రోర్ దొంగతనం చేయలేదు, రెండేళ్ళూ గడువులోపలే ఫీజు కట్టాడు. అదే ఆమెకి మింగుడుపడలేదు. ఎవరూ ఏమీ లాక్కోకుండానే అంతా పోయింది. ఆమె పొద్దంతా పనిచేసి తెచ్చిన డబ్బు ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి దూకగానే ఆయనదైపోయింది. కాలేజీకి చేరేటప్పటికి ఆయన దయ అయింది. అత్తగారు తన స్నేహితురాళ్ళకి విందు చేసినరోజు, కోడలు వంగి వంగి అందరికీ టీ గిన్నెలు అందిస్తుంటే, మా కోడలిని మేమే చదివిస్తున్నాం తల్లీ అంటే, వాళ్ళంతా ఎంత మంచి అత్తవమ్మా అని ఆమె చెయ్యి నొక్కారు. అప్పుడు హిలోలా కూడా సిగ్గుపడి తల వంచుకుంది, ఋణపడినదానిలా. నలభై పరుపులు ఆమె కుడుతోంది, పెళ్ళిలో అవి ముకర్రమ్ పెట్టిన పరుపులవుతాయి. డెబ్భై సీసాలు ఆమె ఊరబెట్టింది, చలికాలమంతా చుట్టాలు అబ్రోర్ ఇంటి టొమాటోలు బాగున్నాయంటారు. ఈ ఇంట్లో ఆమె చేతిలోంచి బయటికెళ్ళిన ప్రతిదీ గుమ్మం దాటేలోపల పేరు మార్చుకుంటోంది. ఇన్నాళ్ళూ అది తన మనసుకి మాత్రమే తెలిసిన సంగతి, అందుకే అనుమానంగా ఉండేది, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో అనిపించేది. ఇప్పుడు సర్కారువాళ్ళు ఇరవై ఆరు రోజులు పరిశీలించి మరీ తేల్చారు. ఏడుపొచ్చింది, దారిలో ఎవరో తెలిసినవాళ్ళు ఎదురైతే కంట్లో దుమ్ము పడిందంది.

మర్నాడు మవ్లూదా తల పట్టుకుంది. ముందే చూడవలసిందని, తన బుద్ధి గడ్డితిందని తనని తానే తిట్టుకుంది. కాసేపటికి అసలీ వెనక్కి తెచ్చుకునే గొడవ లేకుండా ఇంకో పద్ధతి ఉందని చెప్పింది. ఉద్యోగి ఒక కాగితం రాసిస్తే, జీతంలోంచి ఫీజుని లెక్కలు చూసే మవ్లూదాయే నేరుగా కాలేజీకి పంపించగలదు. ఆ డబ్బు మీద పన్ను మొదటే పడదు. జీతం కార్డులోకి మిగిలిందే వెళ్తుంది. కాకపోతే ఇరవై లక్షలంటే ఈ నెల జీతంలో ముప్పాతిక వంతు, ఇంట్లో ఏమంటారోనని ఆగింది.

"ఇంట్లో అడిగి రా. రేపు రాద్దువుగాని."

"కాగితం ఇవ్వక్కా."

"అడగవా?"

"అడిగితే ఆపెయ్యమంటారు, ఆపేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకని రాసిచ్చి చెప్తాను."

నాలుగు లైన్లు రాయడానికి అరగంట పట్టింది. కింద సంతకం పెట్టింది. తిరస్కరించినప్పుడు కూడా అంత భయం వేయలేదు, ఇప్పుడు వేసింది. ఇంటికెళ్ళి చెప్పేయాలనుకుంది. ఆరోజు మరిదికి పెళ్ళి కోటు కొలతలు తీస్తున్నారు, కుదరలేదు. మర్నాడు అబ్రోర్‌కి తలనొప్పి. ఆ మర్నాడు అత్తగారు ఎందుకో ఆమెతో బాగా మాట్లాడింది, చెప్పబుద్ధి కాలేదు. రోజూ ఏదో ఒకటి. ఫోను చూడటం మానేసింది గాని కుదురు మాత్రం రాలేదు. పరుపు కుడుతూ జవాబులు తయారుచేసుకునేది. అరిస్తే ఇలా అనాలి, మాట్లాడకుండా లేచిపోతే ఇలా అనాలి, అమ్మకి ఫోను చేసి నీ కూతుర్ని తీసుకుపో అంటే అలా అనాలి. సూది రెండుసార్లు వేలికి దిగింది.

జీతాలు ఇరవై ఎనిమిదిన పడ్డాయి. సాయంత్రం ఎండ ఇంకా పందిరి మీద ఉండగానే అందరూ భోజనాలకి కూర్చున్నారు. హిలోలా రొట్టె తుంచి అందరి ముందూ పెట్టి, టీ పొయ్యడానికి ఒక చివర కూర్చుంది. అబ్రోర్ ఫోను చూసుకుంటూ కనుబొమలు ముడిచాడు.

"మీ ఆఫీసువాళ్ళు లెక్క తప్పారు. ఏడు లక్షలే పడింది. రేపెళ్ళి అడుగు."

"తప్పలేదండీ." టీ పోస్తున్న చెయ్యి ఆపకుండా చెప్పాలనుకుంది, ఆగిపోయింది. "మిగతాది కాలేజీకి కట్టించాను. జీతంలోంచి నేరుగా. నేనే రాసిచ్చాను."

ముకర్రమ్ నోట్లో రొట్టె అలాగే ఉంచుకుని కోడలివంక చూసింది. మొగుణ్ణి అడక్కుండానా అంది, కొడుకువైపు తిరిగి, నిన్ను అడగలేదురా అని ఇంకోసారి అంది. మరిది మెల్లిగా లేచి లోపలికి పోయాడు. నిగినా తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తోంది. అబ్రోర్ అరుస్తాడని హిలోలా కాచుకుని ఉంది. అతను అరవలేదు. అతని మొహంలో కోపం కన్నా కంగారు ఎక్కువ కనపడింది. ఫోను పక్కన పెట్టి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. గ్యాసు, కరెంటు, రెండు బస్తాల పిండి, అమ్మ మందులు, నిగినా బడి బట్టలు. నాలుగో వేలు దగ్గరే ఏడు లక్షలూ అయిపోయాయి కాబోలు, మిగిలిన వేలు గాల్లో ఆగింది.

"నువ్వు ఇరవై లక్షలు తీసుకెళ్ళి అక్కడ పోస్తే, ఈ నెల ఇల్లెట్లా గడుస్తుంది?"

తయారుచేసుకున్న జవాబుల్లో దీనికి జవాబు లేదు. పెళ్ళయినప్పటినుంచీ ఈ ఇల్లు బజారులో కొట్టు మీద నడుస్తోందనే విన్నది. ఆమె జీతం సూదులకీ దారాలకీ సరిపోదని ఇదే పందిరి కింద చుట్టాల ముందు నవ్వుకున్నారు, ఆమె కూడా నవ్వింది. హిలోలా టీ కూజా కింద పెట్టింది.

"ఇల్లు గడుస్తున్నది నా జీతంతోనని, మీరు చెప్పేదాకా నాకు తెలియదండీ."